చిన్నరసం చీటీ

ఆ ఉదయం లక్ష్మీనరసింహారావు పెట్టుకున్న పని చాలా చిన్నది. సాయంత్రం నలభయ్యో పెళ్లిరోజు. ముప్ఫై ఏళ్లనాటి కేసెట్లో భార్య పున్నమ్మ పాడిన పాటకు తన గొంతు కూడా కలిపి, వచ్చినవాళ్లందరికీ వినిపించాలి. అంతే.

ముసునూరు తోటలోని ప్యాకింగు షెడ్డులో, ఒక మూల గుడ్డ కింద ఆ రికార్డరు ఉంది. మామూలు టేపు రికార్డరు కాదది. ఒకే కేసెట్ మీద నాలుగు ట్రాకులు, దేనికదే విడి. ఒకటి రికార్డు చేసుకుని, దాన్ని హెడ్‌ఫోన్లో వింటూ రెండోది, ఆ రెండూ వింటూ మూడోది. మామిడి పూత మీద తానే రాసిన పాటకు ఆయన అప్పట్లో మొదటి ట్రాకులో హార్మోనియం వాయించాడు. రెండోదాంట్లో తోట కాపలా చూసే సవరయ్య చేత డోలక్ వాయింపించాడు. పున్నమ్మకు మాత్రం భర్త ఎదుట పాడాలంటే సిగ్గు. ఆయన నూజివీడు వెళ్లిన పూట మూడోదాంట్లో పాడిపెట్టానని చెప్పింది. ఆ గొంతు విని ఆయన పెళ్లాన్ని రెండోసారి ప్రేమించాడు. కాపు పోయిన ఏడాది కూడా ఆ పాట వింటే మనసు కుదుటపడేది. నాలుగోది ఖాళీ కాబట్టి దాని వాల్యూం ఎప్పుడూ కిందికే ఉండేది.

అంకెలంటే తికమక కనుక రికార్డు మీటల కింద మామిడి పెట్టెల చీటీలు అతికించుకున్నాడు: బంగినపల్లి, కలెక్టరు, చిన్నరసం, పెద్దరసం. జిగురు ఎండి చివరి రెండూ ఊడిపోయాయి. వాసన చూసి ఏ కాయో చెప్పగలిగే మనిషి, వాటిని తారుమారుగా అతికించాడు. ఖాళీ ట్రాకు అనుకుని పెద్దరసం మీట నొక్కి, కళ్లు మూసుకుని, తన గొంతుకు తానే మురిసిపోతూ పాడేశాడు. తిప్పి వింటే, నాలుగో వాల్యూం పెంచకముందే తన గొంతు వినపడింది. పున్నమ్మ గొంతు వినపడలేదు; తాను పాడింది ఆమె ట్రాకు మీదే.

పోయింది పాట కాదు, పున్నమ్మ ఇరవై తొమ్మిదేళ్ల వయసు.

ముప్ఫై ఏళ్లకు పైగా షెడ్డులో కాయలు సర్దుతున్న జోజమ్మ చర్చిలో బాగా పాడుతుందని విన్నాడే గానీ, ఎప్పుడూ వినలేదు. పిలిచి, సాయంత్రంలోగా అచ్చం అమ్మగారిలా పాడాలన్నాడు. పాట నేర్పబోతే, వచ్చండీ అని పమిట కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కూలీలను బయటికి పంపి తలుపు గడియ పెట్టాడు. తన గొంతు చెరిగిపోయేలా ఆ మూడో ట్రాకు మీదే ఆమె చేత పాడించాడు. మొదటిసారి లారీ హారన్ పడింది. రెండోసారి అంతా బాగానే వచ్చింది గానీ చివరి చరణంలో దగ్గు. ఆ ఒక్క చరణం దగ్గరే రికార్డు నొక్కి, అక్కడికక్కడ మళ్లీ పాడించి, మీట వదలాలి. సరిగ్గా అప్పుడే పున్నమ్మ తలుపు కొట్టింది.

"లోపలికి రాకు. కాయకి పురుగు పట్టింది, మందు కొట్టిస్తున్నా," అన్నాడు.

ఆ మాట పున్నమ్మ పక్కనే ఉన్న సవరయ్య చెవిన పడింది. అక్కణ్ణుంచి నూజివీడు చేరడానికి అరగంట కూడా పట్టలేదు. తోట మొత్తం కొన్న వ్యాపారి లక్ష్మీనారాయణ కారేసుకుని వచ్చాడు. పురుగు కాయ తాను ఎత్తలేనని, లారీ వెనక్కి పంపేస్తున్నానని మర్యాదగానే చెప్పాడు. ఏడాది కాపు కళ్ల ముందే వెళ్లిపోతుంటే, నరసింహారావు అందరి ముందూ చీటీల దగ్గర్నుంచి దగ్గు దాకా ఒప్పేసుకున్నాడు.

"నీ గొంతు నా చేతుల్తో నేనే చెరిపేశాను పున్నమ్మా," అంటూ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

పున్నమ్మ జోజమ్మ వైపు చూసింది. ఇద్దరూ నవ్వాపుకోలేకపోయారు.

"ఆ గొంతు నాదెప్పుడండీ? అప్పుడూ జోజమ్మదే. ముందు నేనే పాడాను, నాలుగోదాంట్లో. వింటే నాకే సిగ్గేసింది. చెరపడం చేతకాక, మూడోదాంట్లో దీని చేత పాడించాను. మీరేమో అంత మురిసిపోతిరి. ఇంక ఏం చెప్పను?"

నరసింహారావు నాలుగో వాల్యూం మెల్లగా పైకి జరిపాడు. సన్నటి గొంతు, వణుకుతూ, శ్రుతి తప్పుతూ, మధ్యలో ఒకచోట ఆగి కోడిని అదిలించి మళ్లీ అందుకుంది. చీటీలు సరిగ్గా అతికించి ఉంటే పొద్దున చెరిగిపోయేది ఇదే. ఆయన ఆ పాట మూడుసార్లు విన్నాడు, మూడుసార్లూ ఏడ్చాడు. లక్ష్మీనారాయణ ఒక రసం కోసి తిని చూసి, లారీకి కాయ ఎత్తమన్నాడు.

సాయంత్రం నాలుగు ట్రాకులూ కలిపి వినిపించారు. పాట రాసిన నరసింహారావుకు మాత్రం కేసెట్లో పాడేందుకు చోటు మిగల్లేదు.