పాలకొచ్చిన మనిషి

ఆ ఆదివారం పొద్దున బాలనర్సింహ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి అమెరికా కారు మీది టార్పాలిన్ తీయాలి. తొమ్మిదింటికి వచ్చేవాళ్లకు చాయ్ ఇవ్వాలి. ఒక ఫోటో దిగాలి. పదింటికి బర్రెలకు దాణా పెట్టాలి. ఇంత చిన్న ప్లానులో చెడిపోవడానికి ఏముంటుంది అనుకున్నాడు. పెళ్లిచూపుల రోజు కూడా ఆయన ఇలాగే అనుకున్నాడని భార్య సత్తెమ్మ ఇప్పటికీ చెబుతుంది.

వాళ్లది చాంద్రాయణగుట్టలో తాతల నాటి పాడి ఇల్లు. అక్కడ ఫ్లైఓవర్ లేని కాలంలో, బర్రెల మంద దాటేదాకా బస్సులు ఆగి నిలబడే కాలంలో, బాలనర్సింహ తండ్రి దాణా తొట్లు కొంటానని ఒక వేలంపాటకు పోయి ఈ కారు కొనుక్కొచ్చాడు. ముక్కు ఇంత పొడుగు, తోక అంత పొట్టి, తలుపులు రెండే. వెనుక కూర్చున్నవాళ్ల మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. స్టార్టు చేస్తే మాత్రం కొట్టంలో బర్రెలన్నీ నెమరు ఆపి తల తిప్పి చూస్తాయి. కారు వచ్చిన కోపానికి బాలనర్సింహ తల్లి మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు అందులోనే కూర్చుని చార్మినార్ దాకా పోయి లాడ్ బజార్‌లో గాజులు వేయించుకుని వచ్చింది.

అమెరికా కారుకు సామాను అమెరికా నుంచి ఎవరు తెస్తారు? ఒక్కొక్కటే పోతూ వచ్చింది, ఇశ్రాయేలు ఒక్కొక్కటే చేసి పెడుతూ వచ్చాడు. ఇశ్రాయేలుది ఫలక్‌నుమా. స్టేషను వెనుక ఒక రేకుల షెడ్డులో సొట్టలు తీసే పని నేర్చుకున్నాడు, ఇంజను పని తనంతట తానే తెలుసుకున్నాడు. ఆ కారు బానెట్టు మొదటిసారి ఎత్తినప్పుడు ఆయనకు పదిహేడేళ్లు, ఇప్పుడు అరవై ఎనిమిది. వెనుక లైట్లు పగిలితే తుక్కుకు పోయిన బస్సు లైట్లు తెచ్చి అమర్చాడు. సైలెన్సరు తుప్పుపట్టి రాలిపోతే, అడుగు చిల్లిపడ్డ పాల క్యాను ఒకటి సత్తెమ్మ ఇచ్చింది, దాంతో కొత్తది చేశాడు. కారుకు ఆ లోతు గొంతు వచ్చింది ఆనాటి నుంచే.

బానెట్టు మీది ఉబ్బుది ఇంకో కథ. దీపావళి అయ్యాక సదర్ పండుగకు పాడి ఇళ్లవాళ్లు దున్నపోతులకు నూనె పట్టించి, దండలు వేసి, వెనుక కాళ్ల మీద నిలబెట్టి ఊరేగిస్తారు కదా. ఒక ఏడు వాళ్ల దున్నపోతు అలా లేచి, దిగేటప్పుడు ముందుకాళ్లు తెచ్చి కారు మీద పెట్టింది. పెద్ద సొట్ట పడింది. ఇశ్రాయేలు లోపలి వైపు నుంచి సుత్తెతో కొట్టి తీశాడు. ఆ రోజు ఆయన చెయ్యి కాస్త హుషారుగా ఉంది. సొట్ట పోయి, జొన్నరొట్టె పొంగినట్టు ఉబ్బు వచ్చింది. బాలనర్సింహ తండ్రి చుట్టూ తిరిగి చూసి, "గిదే మంచిగుంది, ఉండనీ" అన్నాడు. ఉండిపోయింది.

ఆ దున్నపోతు మనుమడే ఇప్పటి బాద్‌షా. సదర్‌కు ఇంక పది రోజులే ఉంది. ఊరేగింపులో కారు కూడా పోతుంది కాబట్టి, సాయంత్రంపూట బాలనర్సింహ అందులో కూర్చుని హారన్ కొడితే బాద్‌షా వెనుక కాళ్ల మీద లేవాలి, లేస్తే బెల్లం ముక్క. మూడు వారాల్లో బాద్‌షా పాఠం చక్కగా నేర్చుకున్నాడు. ఆ ఇంట్లో చెప్పింది చెప్పినట్టు వినేది వాడొక్కడే.

చెప్పిన టైముకు ఇశ్రాయేలు పనిముట్ల రెక్సిన్ సంచి పట్టుకుని వచ్చాడు. ఒంటి మీద ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం.

"బాలన్నా, పదిన్నరకు చర్చిల ఆరాధన. పదింటికల్ల ఒదిలిపెట్టాలె మరి."

"ఒక్క ఫోటోనే గద భాయ్. నువ్వు, నేను, నడుమ బండి. గీ బండిని గిన్నేండ్లు సాదింది ఎవరో అందరికి తెల్వాలె. నీ ముఖం అమెరికా దాక పోతది సూడు."

"మా రూపకు చెప్పిన. తాతా, ఫోటోకు గూడ వీసా గావాల్నా అని అడుగుతుంది పోరి."

మనుమరాలి మాట చెప్పి ఇశ్రాయేలు నవ్వాడు కాని, చేత్తో కాలరు రెండుసార్లు సర్దుకున్నాడు. ఆ కారుకు ఇన్నేళ్లలో ఎన్నో ఫోటోలు తీశారు. పెళ్లికొడుకులతో తీశారు, పురుటి పిల్లలతో తీశారు, బాద్‌షా తాతతో కూడా ఒకటి తీశారు. అవి తీసిన ప్రతిసారీ ఇశ్రాయేలు బానెట్టు కిందే ఉన్నాడు.

తొమ్మిదింటికి పాత అమెరికా కార్ల అభిమానుల సంఘం వాళ్లు దిగారు. ఏడుగురు మనుషులు, ఏడు నల్ల బనియన్లు, వాటి మీద కారు బొమ్మలు. పెద్ద ఇంజినీరుగా చేసి రిటైరైన రామ్‌చందర్ సంఘానికి అధ్యక్షుడు. ఫోన్ల పని, ఫోటోల పని నిఖిలేష్ అనే కుర్ర సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది.

"మా బాధ మీకెట్ల చెప్పాలె బాలనర్సింహ గారూ," అన్నాడు రామ్‌చందర్, చాయ్ కప్పు చేతిలో పెట్టుకుని తాగకుండా. "అక్కడ కంపెనీవాళ్లు ఈ కారుకు కొత్త డిజైన్ చేస్తున్నరంట. నాలుగు తలుపులంట! పెట్రోల్ తీసేసి బ్యాటరీ పెడ్తరంట! సప్పుడే ఉండదంట!"

"సప్పుడు లేని బండేంది సార్, మిక్సీ గూడ సప్పుడు జేస్తది గద!" అంది సత్తెమ్మ.

"మీకు అర్థమైంది అమ్మా. వాళ్లకే అర్థమైతలేదు." రామ్‌చందర్ కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

సంఘం కంపెనీకి ఉత్తరం రాసింది. ఒక్క నట్టు కూడా మార్చవద్దు, మేము తట్టుకోలేము అని. దానికి జతగా, ఒక్క నట్టు కూడా మారని పాత కారు ఫోటో పంపాలి. "బంజారాహిల్స్‌ల ఒకటి చూసినం. అద్దం తుడిచే రబ్బరు కొత్తది ఏసిండు. మాకొద్దని చెప్పి వచ్చినం" అన్నాడు రామ్‌చందర్.

బాలనర్సింహ వెనుక లైట్ల వైపు ఒకసారి చూశాడు. రబ్బరుకే వద్దన్నారు. ఇక్కడ రబ్బరు ఒక్కటే మార్చలేదు.

రామ్‌చందర్ కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. బానెట్టు ముందు ఆగి, జ్వరం చూసినట్టు ఉబ్బు మీద అరచెయ్యి పెట్టాడు. "నిఖిలేష్, ఇటు రా! ఇది పుస్తకాల్ల ఏడన్న ఉందా?"

"లేదు సార్! చాలా రేర్ పీస్ సార్! అంకుల్, ఇది కంపెనీదేనా?"

ఏడుగురూ బాలనర్సింహ వైపు చూశారు.

"కంపెనీదే" అన్నాడు ఆయన. అని, ఆ మాట ఎవరన్నారా అని తానే అటూ ఇటూ చూశాడు. ఇశ్రాయేలు అది పరాచికం అనుకుని నవ్వాడు.

"రిపేర్లు ఎవరు చేస్తరు అంకుల్?"

"రిపేరా? గీ బండికి గిప్పటిదాక రిపేరే రాలే."

ఇశ్రాయేలు నవ్వు ఆగిపోయింది. సంచిని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడు రామ్‌చందర్ చూపు ఆ తెల్ల చొక్కా మీద పడింది. "మరి ఈ పెద్దమనిషి?"

"ఆయ్ననా... పాలకొచ్చిండు" అన్నాడు బాలనర్సింహ.

వంటింట్లో ఉన్న సత్తెమ్మకు ఎవరో పాలకొచ్చారన్న మాట ఒక్కటే వినబడింది. లోటా నిండా పాలు పోసుకుని వచ్చి, "ఎవరమ్మా పాలకు?" అంది. రామ్‌చందర్ మర్యాదగా ఇశ్రాయేలును చూపించాడు. సత్తెమ్మ ఇశ్రాయేలును చూసింది, మొగుణ్ని చూసింది. మొగుడు ఆకాశం చూస్తున్నాడు. ఆమెకు విషయం మొత్తం తెలిసిపోయింది. నలుగురిలో మొగుడి పరువు తీయలేక, "తీస్కో అన్నా" అని లోటా ఇశ్రాయేలు చేతిలో పెట్టి, తల ఎత్తకుండా లోపలికి పోయింది.

శిష్యుడు తన గురువును మూడుసార్లు ఎరగనన్నాక కోడి కూసిందని ఇశ్రాయేలు చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్నాడు. గోడ మీద పుంజు ఉండనే ఉంది. ఆయన దాని వైపు చూశాడు. అది కూయలేదు. దానికి కూడా మొహమాటం అడ్డం వచ్చి ఉంటుంది.

"పాల అంకుల్, జర పక్కకు. ఫోటోల పడుతున్నరు" అన్నాడు నిఖిలేష్.

ఇశ్రాయేలు జరిగాడు.

"ఇంకొంచెం."

ఇంకొంచెం జరిగాడు. అట్లా జరిగి జరిగి కొట్టం గోడకు ఆనుకున్నాడు. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో పాలు.

ఫోటోతో అయిపోతే ఈ కథే లేదు. "ఇప్పుడు గొంతు వినిపిద్దాం" అన్నాడు రామ్‌చందర్. నిఖిలేష్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. అమెరికాలో ఉన్న అభిమానులు కూడా చూస్తున్నారట. బాలనర్సింహ తాళం తిప్పాడు. కారు మూలిగింది. మళ్లీ తిప్పాడు. దగ్గి ఊరుకుంది. బానెట్టు కింద ఏదో ఒకచోట స్క్రూడ్రైవరు పిడితో మూడుసార్లు తట్టాలి, అప్పుడే అది లేస్తుంది. ఎక్కడ తట్టాలో తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే, ఆ మనిషి పాలకొచ్చాడు.

బాలనర్సింహ కిటికీలో నుంచి తల బయటపెట్టాడు. "ఓ అన్నా... జరంత ఇటు రారాదే."

"పాలు ఒలుకుతయి సార్" అన్నాడు ఇశ్రాయేలు.

యాభై ఏళ్లలో ఆయన బాలనర్సింహను సార్ అనడం అదే మొదటిసారి. బాలనర్సింహకు చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. ఏమీ తోచక తల స్టీరింగు మీద పెట్టుకున్నాడు. హారన్ మోగింది.

ఫోటోలో అందంగా పడాలని బాద్‌షాకు పొద్దున్నే నూనె పట్టించి కారు ముందరే కట్టేశారు. వాడు మంచి విద్యార్థి. హారన్ వినగానే లేచాడు, కొండలాగా నిలబడ్డాడు. బెల్లం ముక్క కోసం కాసేపు చూశాడు, ఎవరూ ఇవ్వలేదు. కిందికి దిగుతూ రెండు కాళ్లూ తెచ్చి, తన తాత పెట్టిన చోటే పెట్టాడు.

ఉబ్బు పోయింది. ఆ చోట స్నానానికి నీళ్లు పట్టేంత సొట్ట మిగిలింది.

"అయ్యో! కంపెనీ ఉబ్బు! లోకంల ఒక్కటే ఉండె!" రామ్‌చందర్ రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. ఇక ఒకటే లొల్లి. ఒకరు అమెరికాకు ఫోను చేయాలంటారు, ఒకరు అంబులెన్సుకు చేయాలంటారు. బాద్‌షా మాత్రం బానెట్టు మీద నుంచి దిగి, బెల్లం కోసం వరుసగా అందరి జేబులూ వాసన చూస్తున్నాడు.

ఇశ్రాయేలు లోటాను గోడ మీద పెట్టాడు. సంచిలో నుంచి సుత్తె, చెక్క దిమ్మె తీశాడు. బానెట్టు ఎత్తి, ఒంటి మీద ఏ చొక్కా ఉందో కూడా చూసుకోకుండా దాని కిందికి దూరాడు. నాలుగు దెబ్బలు వినబడ్డాయి. ఐదోది కొంచెం చిన్నది. బానెట్టు దించేసరికి ఉబ్బు ఉన్న చోటే ఉంది. దించే ముందే లోపల ఎక్కడో మూడుసార్లు తట్టినట్టున్నాడు, బాలనర్సింహ తాళం తిప్పగానే కారు ఊరంతా వినబడేలా గర్జించింది.

రామ్‌చందర్ లేచి నిలబడ్డాడు. "ఈయన పాలకొచ్చినాయన గద?"

బాలనర్సింహ కారు ఆపి దిగాడు. ఇశ్రాయేలు ముఖం చూడలేక, ఆయన చొక్కా మీది గ్రీజు మరకను చూస్తూ చెప్పాడు. "గాదు సార్. అబద్ధమాడిన. గా ఉబ్బు కంపెనీది గాదు. దున్నపోతు తొక్కితే గీ ఇశ్రాయేలు కొట్టిండు."

"మరి లైట్లు?"

"పాత బస్సువి. ఈయనే పెట్టిండు."

"గొంతు?"

"పాల క్యాను."

"అయితే కంపెనీది ఏముందయ్యా ఇందుల?" అని అరిచినంత పని చేశాడు రామ్‌చందర్.

బాలనర్సింహ కారును ముక్కు నుంచి తోక దాకా చూశాడు. "అద్దం మీద ఒక కాయితం అతికించి ఉండె సార్. మొన్న వానలకు గది గూడ ఊడింది."

రామ్‌చందర్ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, బానెట్టు దగ్గరికి పోయి, ఆ ఉబ్బును ఒకసారి నిమిరి, "నిఖిలేష్, ఈయన ఫోటో తియ్యి" అన్నాడు.

అప్పటికి పదకొండు దాటింది. ఆరాధన సగం అయిపోయి ఉంటుంది. ఇశ్రాయేలు చొక్కా చూసుకున్నాడు. "గిట్లెట్ల దిగుత సార్, మా రూప నవ్వుతది" అని సంచి భుజాన వేసుకుని, గోడ మీది లోటా తీసుకున్నాడు.

"ఇశ్రాయేలు... ఆగు భాయ్. జర కూసో" అన్నాడు బాలనర్సింహ.

"పాలు విరుగుతయి బాలన్నా" అని ఇశ్రాయేలు వెళ్లిపోయాడు.

సత్తెమ్మ ఆ రోజు మొగుడికి అన్నం పెట్టింది కాని మాట పెట్టలేదు. బాలనర్సింహ ఫలక్‌నుమాకు రెండుసార్లు పోయాడు. రెండుసార్లూ ఇశ్రాయేలు గల్లీ మలుపు దాకా పోయి, అక్కడి హోటల్లో చాయ్ తాగి తిరిగొచ్చాడు. ఆ కాళ్లకు మిగిలిన పది అడుగులు నడవడం చేతకాలేదు. సదర్‌కు కారు బయటికి రాలేదు. ఎంత తిప్పినా లేవలేదు. బాద్‌షా నడిచే పోయాడు.

ఆదివారం నాటి ఫోటోల్లో నిఖిలేష్ ఒకటి పంపాడు. బానెట్టు మీద బాద్‌షా కాళ్లు, నెత్తి మీద చేతులతో రామ్‌చందర్. ఎడమ పక్క అంచున తెల్ల చొక్కా చెయ్యి ఒకటి, మోచేతి వరకే, పాల లోటా పట్టుకుని. మనిషి పడలేదు. బాలనర్సింహ దాన్ని పెద్దది చేయించి, ఆ చెయ్యి కింద 'ఇశ్రాయేలు, మెకానిక్' అని రాయించి, ఫ్రేము కట్టించాడు. మూడోసారి ఆ ఫ్రేము చంకలో ఉంది కాబట్టి మలుపు దాటగలిగాడు.

ఇశ్రాయేలు కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. రూపను పిలిచి చూపించాడు. బాలనర్సింహ గడప మీద కూర్చుని, తల వంచుకుని అడిగాడు. "బండి లేస్తలేదు. నువ్వు గిన రాకుంటె అది గట్లనే ఉంటది. ఎప్పుడొస్తవ్ భాయ్?"

"సోమారం వస్త" అన్నాడు ఇశ్రాయేలు, ఖాళీ లోటా తెచ్చి ఆయన చేతిలో పెడుతూ. "ఎవరన్న అడిగితే, పాలకొచ్చిండని చెప్పు."