వంద టప్పుల తరువాత

శనివారం పొద్దున్నే కృపాజ్యోతి కొత్త చీర కట్టుకుని సిద్ధమైంది. పెళ్ళయ్యాక మొదటిసారి జగ్గయ్యపేటలోని పుట్టింటికి ఇద్దరూ భోజనానికి వెళ్తున్నారు. అయితే ముందు భర్త రూబెన్ నందిగామ ఇంటి వెనకగదిలో తన పరిశోధన ముగించాలి. రెండు ఇత్తడి గుండ్ల మధ్య గాలిలో కరెంటు మెరుపు పుట్టించి, అది 'టప్' మని చేసే చప్పుడును మైకుతో కొలవాలి.

"వంద టప్పులు వినపడతాయి జ్యోతీ. అవగానే వచ్చేస్తా. తలుపు మాత్రం కొట్టకు. చిన్న చప్పుడైనా నెల రోజుల పని గంగలో కలిసినట్టే!"

జ్యోతికి ఇదీ సరదాగానే తోచింది. టప్పుకొక వేరుశనగ పలుకు నోట్లో వేసుకుంటూ లెక్కపెట్టింది. వందో పలుకూ అయిపోయింది. రూబెన్ రాలేదు. ఐదు నిమిషాలు. పది. తలుపుకు చెవి ఆనించింది. లోపల దగ్గు కూడా లేదు. కరెంటు పట్టేసిందా? తలుపు కొడదామని చెయ్యెత్తింది. ఒకవేళ బతికే ఉంటే? చెయ్యి దించేసింది.

ఎవరికైనా ఫోన్ చేస్తే తన మాట గదిలోకి వినపడుతుంది. అందుకని చర్చి ప్రార్థన గ్రూపులో మెసేజ్ పెట్టింది: "ఆయన కరెంటు గదిలో ఉన్నారు. అలికిడి లేదు. దయచేసి చప్పుడు చెయ్యకుండా వచ్చి ప్రార్థించండి."

పక్కవీధి నుంచి అత్తగారు ఆరోగ్యమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. వెనకే ముప్పై మంది. సంఘపెద్ద ప్రేమదాసు వీధి మొదట్లో నిలబడి ఆటోలను సైగలతోనే వెనక్కి తిప్పాడు. ఇంటింటికీ వెళ్ళి మిక్సీలు ఆపించారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.

"తలుపు పగలగొట్టెయ్యనా పెద్దమ్మా?" పక్కింటి ఎలక్ట్రీషియన్ జాన్‌బాషా గుసగుసగా అడిగాడు.

"వద్దయ్యా, వాడి చదువు పాడైపోద్ది. ముందు కరెంటు తీసెయ్," అంది ఆరోగ్యమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

జాన్‌బాషా మునివేళ్ళ మీద నడిచివెళ్ళి ఫ్యూజు పీకాడు.

తలుపు తెరుచుకుంది. బయటికొచ్చిన రూబెన్, అన్ని ఏడుపు మొహాలు ఒక్కసారిగా చూసి గుమ్మం పట్టుకున్నాడు. "అమ్మా... ఎవరు పోయారే?"

"నువ్వేరా!" అంటూ ఆరోగ్యమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది.

"వంద అవగానే వస్తానన్నారు కదండీ!" జ్యోతి వెక్కుతూ అంది.

"టప్పులయ్యాక అరగంటసేపు ఉత్త నిశ్శబ్దం కూడా రికార్డు చెయ్యాలి జ్యోతీ. నీకు చెప్పడం మర్చిపోయా."

"ఇప్పుడు కరెంటు తీసేశాంగా! అంతా పోయిందా?" అంది జ్యోతి.

గదిలో చప్పుడు రికార్డు చేసే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. తలుపు తెరుచుకునేదాకా తెరమీద గీత తిన్నగా సాగిపోయింది. రూబెన్ దాన్ని అందరికీ వేలుపెట్టి చూపించాడు. "నాలుగు శనివారాలుగా ప్రయత్నిస్తున్నా. ఈ వీధిలో ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ దొరకలేదు. ఇంకొక్కసారి ఇలాగే దొరికితే నా పరిశోధన పూర్తయిపోద్ది."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దగా చర్చ జరగలేదు. వచ్చే శనివారం ఉదయం తొమ్మిది గంటలకు రూబెన్ మళ్ళీ చనిపోవాలని వీధి వీధంతా తీర్మానించింది.