ఇరవయ్యో ఆడమనిషి

మంగళవారానికి యస్నా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. మంగళవారాల్లో యజమాని దోన్ హసింతో మిఠాయి నమూనాలు పెట్టెలో సర్దుకుని తెల్లారగట్ల రైలుకే శాంతియాగో వెళ్తాడు. చీకటి పడ్డాక గానీ తిరిగిరాడు. ఆ ఒక్కరోజు చంటి అమారోను కార్ఖానా వెనక అట్టపెట్టెల గదిలో పడుకోబెట్టి, పక్కన అత్తగారిని కూర్చోబెడితే పనికి పనీ అవుతుంది, వాడికి వేళకు పాలూ అందుతాయి. బుధవారం సంగతి బుధవారం చూసుకోవచ్చు.

ఇన్నాళ్ళూ వాణ్ణి చూసిన పక్కింటి ఒర్దాలియా, కూతురి పురుడని చెప్పి దక్షిణాదికి వెళ్ళిపోయింది. వాళ్ళుండే కురికో ఊళ్ళో డబ్బు పుచ్చుకుని పిల్లల్ని చూసే శిశుశాలలు రెండున్నాయి. ఒకదాంట్లో ఖాళీ లేదు. రెండోదాంట్లో ఖాళీ ఎందుకుందో, వాళ్ళు అడిగిన డబ్బు వినగానే అర్థమైంది. ప్రభుత్వ శిశుశాలలో ఉచితమే. అక్కడ పేరు రాయించేనాటికి అమారో కడుపులో ఉన్నాడు. పిలుపొచ్చేసరికి వాడికి మీసాలొచ్చేలా ఉన్నాయి.

"అంటే నువ్వు పనికెళ్ళడానికి మనమే ఎదురు కట్టాలన్నమాట" అన్నాడు భర్త నిబాల్దో, బస్సు నడిపి వచ్చిన అలసటతో రొట్టె విరుస్తూ. "ఇదేదో నాక్కూడా చెప్పుంటే నేనూ ఇంట్లోనే కూర్చుని పొదుపు చేసేవాణ్ణి."

"మానెయ్యమంటావా?"

"నేనా మాట అన్లేదు. ఇంటద్దె కట్టేది నీ జీతంతోనే కదా."

కార్ఖానాలో శిశుశాల ఎందుకు లేదని చిలీలో ఎవరూ ఎవర్నీ అడగరు. ఇరవైమంది ఆడవాళ్ళు పనిచేసే చోట వాళ్ళ చంటిపిల్లల సంరక్షణ ఖర్చు యజమానిదేనని చట్టం. అందుకే దోన్ హసింతో దగ్గర పంతొమ్మిది మందే. పొయ్యిలు పెరిగాయి, గిరాకీ పెరిగింది, ఆ అంకె మాత్రం పెరగలేదు. రోజూ పొద్దున్నే ఆయన గుమ్మంలో నిలబడి తెల్ల టోపీలను వేలితో లెక్కపెట్టి, పంతొమ్మిది దగ్గర ఆగి, అప్పుడు గానీ టీ తాగడు. అలాగని చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావైనా మొదట తలుపు తట్టేది ఆయనే. ఆయనకు లోకంలో భయమల్లా ఆ తరవాతి అంకె ఒక్కటే.

అత్తగారు దోన్యా ఎర్మిందా ఒప్పుకోవడానికి కొంత బతిమాలించుకుంది.

"ఒక్కరోజంటే ఒక్కరోజే. నా మోకాళ్ళు కార్ఖానాల కోసం పుట్టలేదు."

"కూర్చునే పనే కదా, అత్తయ్యా."

"మధ్యాహ్నం వేడివేడిగా ఏదైనా పెట్టించు. చల్లటి రొట్టె నాకు పడదు."

"పెట్టిస్తాను."

"మీ యజమానికి తెలిస్తే?"

"తెలిస్తే నా ఉద్యోగం పోతుంది" అంది యస్నా. "అందుకే తెలియనివ్వకూడదు."

పాకం పొయ్యిల మేస్త్రీ రొదేమిల్ నలుగురు పిల్లల తండ్రి. ఎవరూ చూడకుండా వెనక తలుపు తీసి, ఒక పెద్ద అట్టపెట్టెలో మెత్తటి దుప్పటి పరిచాడు. ఆ గది వెనక గోడకు అవతల పెద్ద పొయ్యి ఉంది. అక్కడ నడి చలికాలమైన జూలైలో ఊరంతా వణుకుతుంటే, కురికో మొత్తంలో వెచ్చగా ఉన్న గోడ అదొక్కటే. అమారో దానివైపు మొహం తిప్పుకుని, అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు. పెట్టె మీద "పగిలే సరుకు, జాగ్రత్త" అని అచ్చు వేసి ఉంది.

కాసేపటికి దోన్ హసింతో లోపలికొచ్చాడు.

రైలు వెళ్ళింది, ఆయన వెళ్ళలేదు. కార్మిక శాఖ నుంచి తనిఖీకి వస్తున్నట్టు ముందురోజు సాయంత్రం ఫోనొచ్చింది. ఆయన వెనకే ఆ తనిఖీ అధికారిణి, లొరేతో అనే సన్నటి మనిషి, చేతిలో కలం తెరిచి పట్టుకుని వచ్చింది.

సరిగ్గా అదే క్షణంలో దోన్యా ఎర్మిందా మరుగుదొడ్డి ఎటుందో అడగడానికి పెట్టెల గదిలోంచి బయటికొచ్చింది. రొదేమిల్ ఆమెను చూశాడు, అధికారిణిని చూశాడు, ఇంకేమీ ఆలోచించలేదు. కొక్కేనికి వేలాడుతున్న తెల్ల కోటు ఆమెకు తొడిగి, టోపీ పెట్టి, మూతికి గుడ్డ కట్టి, బల్ల చివర్న కూర్చోబెట్టాడు.

"అమ్మగారూ, రెండు బిస్కెట్ల మధ్య పాకం పుయ్యండి. నోరు మాత్రం విప్పకండి."

మొదటి పని ఆమె చక్కగా చేసింది. రెండోది ఆమె ప్రాణానికే కష్టం.

"ఇదేం పుయ్యడమమ్మా" అంది పక్కనున్న ఇస్మేనియాతో. "గోడకు సున్నం వేస్తున్నట్టు ఇంత పల్చగానా? తిన్నవాడు తిట్టుకోడూ?"

"యజమాని చెప్పిన కొలత ఇదే, అమ్మా. మెల్లగా."

"ఆ యజమానిని పిలువు, నేను చెప్తాను."

యస్నా చేతిలో బిస్కెట్టు రెండు ముక్కలైంది.

దోన్ హసింతో అలవాటుగా వేలెత్తి లెక్క మొదలెట్టాడు. ఆఖరి టోపీ దగ్గర వేలు ఆగిపోయింది. మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి అటు చివర్నుంచి ఇటు లెక్కపెట్టాడు, దిక్కు మారిస్తే ఫలితం మారుతుందేమోనన్నట్టు. టోపీకీ గుడ్డకీ మధ్య కళ్ళు తప్ప ఏమీ కనబడవు, ఎవరు ఎవరో తెలియదు.

"ఇరవై" అంది లొరేతో, చాలా మామూలుగా. "మీ కాగితంలో పంతొమ్మిది ఉంది."

"పంతొమ్మిదేనండీ. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ పంతొమ్మిదే."

ఆమె ఒక్కొక్కరి పేరూ పిలిచింది. పిలిచినవాళ్ళంతా పలికారు. బల్ల చివర్న ఒకామె మిగిలిపోయింది.

"మీ పేరేంటమ్మా?"

ఇంతసేపు నోరు మూసుకున్నందుకే దోన్యా ఎర్మిందాకు ఆయాసం వస్తోంది. మూతిగుడ్డ గడ్డం కిందికి లాక్కుంది. "ఎర్మిందా కాబియేదెస్, మీ దయ."

"ఎప్పట్నించి చేస్తున్నారిక్కడ?"

"ఈ పొద్దున్నించే."

"రాతపూర్వకంగా ఏమైనా ఇచ్చారా?"

"అబ్బే, నోటిమాటే. మన అనుకున్నవాళ్ళ మధ్య కాగితాలెందుకమ్మా?"

"జీతం?"

"జీతమా?" ఆ ప్రశ్న ఆమెకు నిజంగానే కొత్తగా అనిపించింది. "నాకు జీతం ఎవరిస్తారు? మధ్యాహ్నం వేడిగా ఏదైనా పెడతామన్నారు. ఇంతవరకు దాని జాడ కూడా లేదు."

లొరేతో కలం కాగితం మీద పరుగెత్తింది. దోన్ హసింతో ముఖం పిండి రంగుకు తిరిగింది.

"మిమ్మల్ని రమ్మన్నదెవరు?"

యస్నా తల వంచుకుంది. బిస్కెట్ల వరస కళ్ళముందు అలికినట్టయింది. ఇంటద్దె, పిల్లవాడి పాలు, అన్నీ ఆ ఒక్క జవాబు మీద వేలాడుతున్నాయి. దోన్యా ఎర్మిందా కోడలివైపు కన్నెత్తి కూడా చూడలేదు. పెళ్ళైన నాలుగేళ్ళలో ఆమె కోడలిని తప్పుపట్టకుండా వదిలేసిన మొదటి సందర్భం అదే.

"రమ్మన్నారు, వచ్చాను. పేరు గుర్తులేదు. వయసైపోయింది కదా."

"చూడండమ్మా" అన్నాడు దోన్ హసింతో, గొంతు సవరించుకుని. "ఈవిడ నా మనిషి కాదు. నేనెప్పుడూ చూడలేదు."

"అంటే ముక్కూమొహం తెలియని మనిషి, ఆరోగ్య పరీక్షైనా లేకుండా, జనం తినే సరుకులో చేతులు పెడుతోందంటారు. అది నేను వేరే శాఖకు రాయాలి. వాళ్ళు ముందు తాళం వేస్తారు, తరవాత మాట్లాడతారు."

దోన్ హసింతో స్వరం రెండు మెట్లు దిగింది. "నా మనిషి కాదంటే... పనిమనిషి కాదని. మా పిన్ని. చూసిపోదామని వచ్చింది."

"పిన్నా?" దోన్యా ఎర్మిందా కుర్చీలోంచి లేచి టోపీ లాగేసింది. "ఎవరికయ్యా పిన్నిని? నీ జుట్టు చూసుకో, నా జుట్టు చూడు. మనిద్దర్లో పిన్ని వరసకు సరిపోయేది నువ్వే."

బల్ల పొడుగునా తెల్ల టోపీలు వణికాయి. ఆ నవ్వు చల్లారకముందే, పెట్టెల గదిలోంచి సన్నగా ఒక ఏడుపు మొదలైంది.

"అదేంటి?" అంది లొరేతో.

"పిల్లి అండీ" అన్నాడు రొదేమిల్, ప్రాణం పెట్టి. "పెంపుడు పిల్లి."

దోన్ హసింతో కళ్ళు మూసుకున్నాడు.

"మిఠాయి కార్ఖానాలో," అంటూ లొరేతో కలం ఎత్తింది, "పిల్లి."

"లేదండీ, లేదు. పిల్లి లేదు. ఎప్పుడూ లేదు" అన్నాడు రొదేమిల్ చెమటలు కక్కుతూ. "ఒట్టు, పసిబిడ్డే."

తలుపు తీస్తే, పగిలే సరుకు పెట్టెలో అమారో రెండు కాళ్ళూ పైకెత్తి లోకాన్నంతటినీ తన్నుతున్నాడు. లొరేతో కలం జేబులో పెట్టింది. తొట్టి దగ్గరికెళ్ళి చేతులు కడుక్కుంది, కోటుకు తుడుచుకుంది, వాణ్ణి ఎత్తుకుంది. వాడు ఏడుపు ఆపి ఆమె కళ్ళజోడు పట్టుకున్నాడు.

"ఇంత వెచ్చటి గోడ మా ఆఫీసులో కూడా లేదు" అంది. అంతలోనే గొంతు మార్చి, "ఎవరి బిడ్డ?" అని అడిగింది.

యస్నా మూతిగుడ్డ తీసింది. చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఈలోగా దోన్ హసింతో జీవితంలో మొదటిసారి లెక్క చూసుకోకుండా మాట్లాడాడు.

"మా శిశుశాల అండీ. ఇప్పుడిప్పుడే మొదలెడుతున్నాం. ఇంకా... పెట్టెల దశలో ఉంది."

"మరి ఈవిడ?"

"ఈవిడ పాకం పూసే మనిషి కాదు. పిల్లల్ని చూసే ఆయమ్మ. ఈ పొద్దున్నే చేరింది. కాగితాలు సాయంత్రంలోగా రాసేస్తాం. కోటు అలవాటు కోసం వేసుకుంది."

తాళం నుంచి, జరిమానా నుంచి, పిల్లి నుంచి ఒక్క దెబ్బకు బయటపడ్డానని ఆయన గర్వంగా చుట్టూ చూశాడు. లొరేతో బిడ్డను భుజం మీద వేసుకునే లెక్క వేసింది.

"ఆయమ్మ మీ దగ్గర ఉద్యోగి. పైగా ఆడమనిషి. కాబట్టి ఇరవై. ఇరవైమంది ఉన్నచోట శిశుశాల తప్పనిసరి." ఆమె కొంచెం నవ్వింది. "అదృష్టవంతులు. చట్టం అడిగేలోపే పెట్టుకున్నారు."

"ఆవిడ లేకపోతే పంతొమ్మిదే కదండీ. పంతొమ్మిదికి శిశుశాల అక్కర్లేదు."

"శిశుశాల ఉంది కాబట్టి ఆవిడ ఉంది. ఆవిడ ఉంది కాబట్టి శిశుశాల ఉండాలి. ఎటునుంచి లెక్కపెట్టినా అంతే, దోన్ హసింతో."

కిటికీ, చిన్న తొట్టి, మెత్తటి నేల, చదువుకున్న పంతులమ్మ ఒకరు, వీటన్నిటికీ గడువిచ్చి ఆమె వెళ్ళిపోయింది. వెళ్తూ దోన్యా ఎర్మిందాకు వేడిగా ఏదైనా పెట్టమని గుర్తుచేసింది.

సాయంత్రం యస్నాకు పిలుపొచ్చింది. దోన్ హసింతో టీ చల్లారబెట్టుకుని కూర్చున్నాడు.

"పిల్లవాడు నీవాడేనని నాకు తెలుసు. నీలాగే నా మొహం చూసి మొహం తిప్పుకున్నాడు."

"తప్పయిందండీ. మానెయ్యమంటే..."

"మానేస్తావా?" ఆయన ఉలిక్కిపడ్డాడు. "నువ్వు మానేస్తే నేను ఆవిడకెలా చెప్పుకోను, శిశుశాల ఉంది బిడ్డ లేడని? కూర్చో. మీ అత్తగారు జీతం ఎంత అడుగుతోందో చూశావా?"

పని మొదలైంది. గోడకు కిటికీ పడింది. పసుపు రంగు వేశారు. మగవాడైతే లెక్కలోకి రాడని, పంతులమ్మకు బదులు ఆయన గిటారు వాయించే ఒక చదువుకున్న కుర్రపంతుల్ని వెతికి తెచ్చాడు. ఇరవై దాటాక ఎంతమందైనా ఒకటేనని రొదేమిల్ చెప్పి చూశాడు గానీ, అంతకాలపు అలవాటు ఒక్కరోజులో పోదు. ఇస్మేనియా చెల్లెలు తన కవలల్ని నమ్మకంగా వదిలి పొయ్యి దగ్గర పనికి కుదిరింది, వెళ్ళిపోయిన ఒకామె స్థానంలో. యస్నా పనికి దిగే ముందు అమారోను పసుపు గదిలో వదిలి, గోడకు చెయ్యానించి చూసుకునేది. గోడ వెచ్చగానే ఉండేది.

ఒక్క చిక్కు మాత్రం కొత్తగా వచ్చింది. శనివారం సాయంత్రం గంటసేపు మనవణ్ణి చూడమని అడిగితే, దోన్యా ఎర్మిందా చేతులు అడ్డంగా ఊపింది. "శనివారం నాకు సెలవు తల్లీ. ఉద్యోగస్తులం, మాకూ విశ్రాంతి కావాలి కదా."

దోన్ హసింతో ఇప్పటికీ రోజూ గుమ్మంలో నిలబడి లెక్కపెడతాడు. కానీ ఆయన భయపడేది ఇప్పుడు పంతొమ్మిదికి. కిటికీకీ, తొట్టికీ, పసుపు రంగుకీ అంత పోశాక ఒక్కరు తగ్గినా చట్టం అడగదు, అడగని దానికి డబ్బు పెట్టడమంత దండగ ఆయన లోకంలో మరొకటి లేదు.

ఒక సోమవారం ఇస్మేనియా ఆయన గదిలోకి వెళ్ళింది.

"అయ్యా, నేను తాల్కా వెళ్ళాలి..."

"వెళ్ళిపోతావా? ఎందుకు? అక్కడ ఎంతిస్తామన్నారు?" ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "ఆగు, ఏమీ చెప్పకు. ఈ నెలనుంచి నీ జీతం పెంచుతున్నాను. ఇంక తాల్కా మాటెత్తకు."

ఇస్మేనియా థాంక్స్ చెప్పి బయటికొచ్చి, బల్ల దగ్గర కూర్చుని, చాలాసేపు పాకం పూసింది.

"ఏమన్నాడు?" అని అడిగింది యస్నా.

"పెదనాన్నను చూడ్డానికి సగంరోజు సెలవడగబోయాను" అంది ఇస్మేనియా. "తాల్కా అనగానే జీతం పెంచాడు, అది మాత్రం ఇవ్వలేదు."

తాల్కాలో యస్నాకు చుట్టాలెవరూ లేరు. అయినా శుక్రవారం పొద్దున ఆయన గది ముందు వరసలో ఆమెది ఆరో స్థానం.