తోడల్లుళ్లూ రెండు గొట్టాలూ

ఆ ఉదయం పెద్దల్లుడు అద్దం ముందు నిలబడి, సెక్షన్ హెడ్ కుర్చీలో కూర్చుంటే ఎలా నవ్వాలో సాధన చేస్తున్నాడు. డీజిల్ శుద్ధి చేసే కర్మాగారపు ల్యాబ్‌లో ఆయనకీ తోడల్లుడికీ పోటీ. ఇద్దరూ చెరో రకం ఉత్ప్రేరకపు గుళికలు తయారుచేశారు. ఎవరి గుళికలు డీజిల్‌లోని గంధకాన్ని బాగా లాగేస్తే ఆ కుర్చీ వాళ్లదే. అంతలో అత్తగారు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. అందులో పెద్దల్లుడి ఊసే లేదు. ఆవిడ కొత్త కళ్లజోడు చిన్నల్లుడు తెచ్చిపెడతానన్నాడట. ఆ పని తనకు చెప్పకూడదా అని పెద్దల్లుడు భార్య దగ్గర గొణిగాడు. పాత జోడు మీద కూర్చున్నదెవరని ఆమె అడిగింది.

గుళికల సంగతి కాస్త చెప్పాలి. కొత్తలో అవి వట్టి సోమరులు. వాటిలోని కోబాల్ట్, మాలిబ్డినం ఆక్సైడ్ రూపంలో ఉంటాయి కాబట్టి పనికి ఒంగవు. గంధకం తీసేసే పనికి పెట్టేముందు వాటికే గంధకం తినిపించాలి, చోద్యం కాకపోతే! గొట్టంలో పోసి, హైడ్రోజన్‌తో పాటు గంధకపు ద్రవం పంపుతూ నిదానంగా వేడి పెంచితే అవి సల్ఫైడ్‌గా మారి దారికొస్తాయి. గంధకం అందకుండా వేడి ముదిరిందా, హైడ్రోజన్ వాటిని వట్టి లోహంగా మార్చి పాడుచేస్తుంది.

ల్యాబ్‌లో రెండు గొట్టాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. చిన్నల్లుడు బండి తాళాలు తీశాడు.

"అన్నయ్యా, అత్తయ్యగారి కళ్లజోడు తెచ్చేస్తాను. కాసేపాగి నా గొట్టం వేడి పెంచెయ్యండి. మీకు తెలియనిదేముంది!"

పెద్దల్లుడు బండి వెళ్లినవైపే గుర్రుగా చూశాడు. అత్తగారి మెప్పూ వీడికే, కుర్చీ కూడా వీడికేనా? వేడి పెంచాల్సిన వేళ దాటినా ఆయన ఆ గొట్టం వంక కన్నెత్తి చూడలేదు. వెనకబడి ఛస్తుందిలే అనుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. తనది ముందే అయిపోవాలని తన గొట్టం వేడి చకచకా పెంచేసి, గంధకపు పంపు జోరు కూడా హెచ్చించాడు. దాంతో బిగింపు వదులై ద్రవం కారి ఆయన చొక్కా చేతిమీద పడింది.

కుళ్లిన క్యాబేజీ కంపు అది. ఆయన కంగారుగా తన పంపు ఆపేసి, చెయ్యి కడుక్కోవడానికి వరండాలోకి పరుగెత్తాడు. కంపూ ఆయన వెంటే పరుగెత్తింది. అకౌంట్స్ వాళ్లు క్యాంటీన్‌ను తిట్టారు, క్యాంటీన్ వాళ్లు మురుగుకాలువను తిట్టారు, ఇంకెవరో గ్యాస్ లీకని గంట కొట్టారు. డైరెక్టర్‌గారు మీటింగ్ మధ్యలో ముక్కు మూసుకుని బయటికొచ్చారు. భవనం ఖాళీ అయింది.

సేఫ్టీ ఆఫీసర్ తలుపుకు అడ్డంగా నిలబడి, లోపల అర్జెంటుగా ఆపాల్సిందేమైనా ఉందా అని అడిగాడు. ఉంది. పెద్దల్లుడి గొట్టంలో గంధకం లేదు, హైడ్రోజన్ ఉంది, వేడి ఎక్కుతూనే ఉంది. కానీ ఆ మాట చెబితే అంత వేడి ఎందుకు పెట్టావంటారు, పక్కదానికి ఎందుకు పెట్టలేదంటారు.

"ఏమీ లేదండీ," అన్నాడు పెద్దల్లుడు.

సాయంత్రం దాకా తేలు కుట్టిన దొంగలా గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆ కంపుకి ఆయన చుట్టూ మనిషన్నవాడు నిలబడలేదు.

మర్నాడు పరీక్ష. పెద్దల్లుడి గొట్టంలోకి ఎలాంటి డీజిల్ వెళ్లిందో దాదాపు అలాంటిదే బయటికొచ్చింది. చిన్నల్లుడి డీజిల్ మాత్రం ఆ ల్యాబ్‌లో ఎన్నడూ చూడనంత శుభ్రంగా ఉంది. ఏం చేశావని డైరెక్టర్‌గారు అడిగారు.

"నేనేం చేయలేదు సార్, అన్నయ్యే. తొందరపడి వేడి పెంచెయ్యమన్నాను. ఆయన పెంచలేదు. ప్రతి గుళికలోకీ గంధకం ఇంకేదాకా ఆగారు. రాత్రి లోపలికి వదిలాక నేనొచ్చి వేడి పెంచానంతే."

డైరెక్టర్‌గారు కదిలిపోయారు. సొంత గొట్టం గాలికొదిలి తోడల్లుడి గొట్టం కాపాడిన మనిషిని సర్వీసులో చూడలేదన్నారు. ఇకమీదట చిన్నల్లుడి గొట్టాలన్నిటికీ కాపలా ఆయనకే అప్పగించారు. చిన్నల్లుడు కుర్చీలో కూర్చుని, పెద్దల్లుడు అద్దం ముందు సాధన చేసిన నవ్వే నవ్వాడు. పెద్దల్లుడికి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఇంటికెళితే, చిన్నల్లుడి నోట కథంతా విని వచ్చిన అత్తగారు కొత్త కళ్లజోడు పెట్టుకుని ఎదురొచ్చారు.

"ఇన్నాళ్లూ మీ మంచితనం నా కంటికి ఆనలేదు బాబూ."

"మా ఆయనే లేకపోతే మరిదికి ఆ కుర్చీ వచ్చేదా అమ్మా?" అంది భార్య గర్వంగా.

పెళ్లయ్యాక ఆమె అన్న మాటల్లో పెద్దల్లుడు అక్షరాలా ఒప్పుకున్నది అదొక్కటే.