చుకా కొండ మీద పూర్తి మనుషులు పందొమ్మిది మంది

మార్చిలో ఉన్న మనిషీ అక్టోబరులో ఉన్న మనిషీ ఒకరేనా అన్న ప్రశ్న మీద పండితులు వేల ఏళ్లుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. బల్గేరియాలోని మా పట్టణ పురపాలక సంఘం దాన్ని నలభై నిమిషాల్లో తేల్చేసింది. ఒకరేనట. అనుకూలం ముగ్గురు, వ్యతిరేకం ఒకరు. (ఐదో సభ్యుడు కాఫీకి వెళ్లాడు. వెళ్లిన ఆయనా తిరిగొచ్చిన ఆయనా ఒకరేనా అన్నది సభ పరిశీలించలేదు.)

నేను ఆ కార్యాలయంలో పద్నాలుగో గదిలో ముద్రలు వేస్తాను. కాబట్టి నేను చెప్పేదంతా ధ్రువీకరించినట్టే లెక్క.

సంగతేమిటంటే, చుకా కొండ మీదికి పోయే ఆరో నంబరు బస్సును ఏప్రిల్లో ప్రయోగాత్మకంగా ఆపేశారు. కొండవాళ్లు దానివల్ల నిజంగా ఇబ్బంది పడుతున్నట్టు తేలితే బస్సు తిరిగొస్తుంది, తేలకపోతే శాశ్వతంగా పోతుంది. అందుకని నలభై ఆరుగురిని మార్చిలో, జూన్‌లో, అక్టోబరులో ఒకే ప్రశ్న అడిగారు: "ఆసుపత్రికి రావడం ఎంత కష్టంగా ఉంది? ఒకటి నుంచి ఏడు వరకు అంకె వేయండి." ఫారం మాత్రం స్వయంగా కార్యాలయానికి దిగొచ్చి, పద్నాలుగో గదిలోనే నింపాలి. మార్చిలో నలభై ఆరుగురూ వచ్చారు. జూన్‌లో నలభై ఒక్కరు. అక్టోబరులో ఇరవై మంది.

లెక్క తేల్చే పని రలిత్సా కుత్సరోవా మీద పడింది. ముప్ఫై ఏళ్ల పిల్ల, గణాంకాలు చదివింది. మా దగ్గర ఆ చదువుకి అది ఒక్కతే. ఇక మా విభాగాధిపతి పెంచో ద్ర్యానోవ్‌స్కి గారు. ఆయన దేన్నీ కాదనరు, దానికో నియమం వెతుకుతారు.

"మూడుసార్లూ వచ్చింది వేరువేరు మనుషులనుకుని పరీక్ష పెట్టు. మొత్తం నూట ఏడు మంది. తేడా కనపడదు, అందరికీ హాయి," అన్నారాయన.

"ఒకే మనుషులండీ! ఒకరికి ముందే మోకాళ్ల నొప్పి, ఇంకొకరు రోజూ కొండలెక్కేవాళ్లు. అందర్నీ కలగలిపేస్తే మార్పు ఆ గుంపులో మునిగిపోతుంది. ఎవరి జవాబుని వాళ్ల పాత జవాబుతోనే పోల్చాలి."

"ఫారాలు వేరు, తేదీలు వేరు. మనుషులు వేరే."

"సరే అయితే. నూట ఏడు మందికి సరిపడా చెత్త డబ్బాలు కూడా పెట్టించండి."

ఆ మధ్యాహ్నమే సభ పెట్టారు, ఓటింగు జరిగింది, మనిషి ఏకత్వం మూడు ఓట్లతో గట్టెక్కింది.

రలిత్సా సంబరంగా తన పరీక్షకి కూర్చుంది. ప్రతి మనిషి ఇచ్చిన మూడు జవాబుల్లో ఏది తక్కువ, ఏది ఎక్కువ అని వరుస కట్టి చూసే పరీక్ష అది. ద్ర్యానోవ్‌స్కి గారు దాని నిబంధనలు ఓపిగ్గా చదివారు. చదివి, చాలాకాలానికి మొదటిసారి నవ్వారు.

"మూడు జవాబులూ ఉన్నవాళ్లే ఇందులోకి వస్తారట కదా?"

మూడూ ఉన్నవాళ్లు పందొమ్మిది మంది. వాళ్లలో పదహారుగురికి కార్లున్నాయి, ఇద్దరు వాళ్ల పక్కింటివాళ్లు, ఒకామె పోస్టుమనిషి. ఫలితం: చెప్పుకోదగ్గ తేడా లేదు.

అక్టోబరులో వచ్చిన ఇరవయ్యో మనిషి నెవెనా షోపోవా. డెబ్భై తొమ్మిదేళ్లు. మూడు వందల మెట్లు చేతికర్రతో దిగొచ్చి ఏడు అని రాసింది, ఆ ఏడుని మళ్లీ దిద్ది లావు చేసింది. తన అంకె తీసేశారని తెలిసి మళ్లీ దిగొచ్చింది.

"జూన్‌లో మీరు రాలేదు కదండీ," అన్నారు ద్ర్యానోవ్‌స్కి గారు.

"జూన్‌లో నా కాలు విరిగింది నాయనా. మీ మెట్ల మీదే. ఆసుపత్రికి నడిచి వస్తూ."

"కారణం రాయడానికి ఫారంలో గడి లేదండీ."

"అంటే ఇప్పుడు నేను సగం మనిషినా?"

"ఛ ఛ, అదేం మాట! మూడింట రెండొంతులు."

రలిత్సా ముఖం కందగడ్డలా అయింది. "ఒక జవాబు లేకపోయినా మిగతా రెండింటినీ లెక్కలో ఉంచుకునే పద్ధతి ఉందండీ. రానివాళ్లు ఎందుకు రాలేదన్నదే ఇక్కడ అసలు విషయం," అంది.

"ఆ పద్ధతికి మన దగ్గర ముద్ర లేదమ్మా," అన్నారాయన. (నిజమే. నేను సొరుగంతా వెతికాను.)

ఆ శనివారం రలిత్సా అక్టోబరులో రానివాళ్ల కోసం ఇరవై ఆరు ఖాళీ ఫారాలు సంచీలో వేసుకుని మెట్లెక్కింది. కొండ మీద అందరూ చలికాలానికి మిరపకాయలు కాలుస్తున్నారు. ఒకాయన మందులు సగం సగం మింగుతున్నానని చెప్పాడు, ఎక్కువ రోజులు వస్తాయని. ఇంకొకామె పన్ను నొప్పిని బ్రాందీతో నెట్టుకొస్తోంది. సోమవారం రలిత్సా ఇరవై ఆరు ఫారాలూ, రెండు సీసాల మిరప పచ్చడీ బల్ల మీద పెట్టింది. ఒకటి రెండు ఆరులు తప్ప అన్నీ ఏడులే.

ద్ర్యానోవ్‌స్కి గారు పచ్చడి రుచి చూసి మెచ్చుకున్నారు. తర్వాత ఫారాలు పక్కకి నెట్టారు.

"ఇవి ఇంట్లో కూర్చుని నింపినవి. ముందువి ఇక్కడికి వచ్చి నింపినవి. ఒకే మనుషులు, ఒకే ప్రశ్న, ఒకే పరిస్థితి ఉండాలని నీ పరీక్ష నిబంధనల్లోనే ఉంది కదా?"

"బస్సు తీసేశాక ఒకే పరిస్థితి ఎక్కడిదండీ!" అని అరిచేసింది రలిత్సా. మా ఆఫీసు చరిత్రలో ఒకరు అరవడం అదే మొదటిసారి. నివేదిక మీద సంతకం పెట్టనంది. సంతకం లేని నివేదికకి రెండు ముద్రలు వేస్తే చాలునని నియమం ఉంది. వేశాను.

ఆ వారం నుంచి రలిత్సా ప్రతి గురువారం తన తమ్ముడి కారు అడిగి తీసుకుని నెవెనాని ఆసుపత్రికి దింపుతోంది. కొండకి రవాణా సౌకర్యం మెరుగుపడిందని ద్ర్యానోవ్‌స్కి గారు నివేదిక అనుబంధంలో చేర్చారు.

నివేదిక మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి ఆఖరి రోజైన గురువారం నాడు ఆ కారులోనే నెవెనా నా గదికి వచ్చింది. కర్రని నా బల్లకి ఆనించింది.

"అభ్యంతరం రాసుకో."

జాబితా చూశాను. "మూడుసార్లు జవాబిచ్చినవాళ్లకే ఆ హక్కుంది అవ్వా. మీ పేరు లేదు."

ఆమె కోప్పడలేదు. కర్ర చేతిలోకి తీసుకుంది.

"ఓటర్ల జాబితాలో ఉన్నానా మరి?"

"ఉన్నారు."

"రెండొంతులేనా?"

"అయ్యో, పూర్తిగా ఉన్నారవ్వా," అన్నాను. "ఎన్నికల రోజు మీ ఇంటి గుమ్మం ముందుకే కారు పంపిస్తాం."