బామ్మగారి తొట్టి

ఆ పొద్దున నీళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నీళ్ళబండి తోలుకుంటూ వెళ్ళడం, దారిలో తాపీమేస్త్రీని ఎక్కించుకోవడం, బామ్మగారి తొట్టికి పడ్డ చిల్లు పూడ్పించడం. చిల్లు పడిందని ఆవిడ చెప్పలేదు. ఒంటరి మనిషి, రోజూ ఎనిమిది బిందెలు పోయించుకుంటుంది. బండి ఆ సందులో పట్టదు గనక అన్నీ ఆయన భుజంమీదే మోసి పోస్తాడు. తెల్లారేసరికి తొట్టి అడుగు కనిపిస్తుంది. పిట్టంత ప్రాణానికి అన్ని నీళ్ళా? పాపం, ఆవిడ నీళ్ళన్నీ నేలపాలవుతున్నాయని మూడు రోజులుగా ఆయనకు అన్నం సయించలేదు.

"చిల్లేమిటి నాయనా, తొట్టి నిక్షేపంలా ఉంటేనూ!" అంది బామ్మగారు చేతులు నలుపుకుంటూ.

"మీ కళ్ళకు ఆనదులెండి. అలా మెట్టుమీద కూర్చోండి."

మేస్త్రీ తొట్టికి చెవి ఆనించి, వైద్యుడిలా తలాడించి, "రోగం అడుగునుంది" అని తేల్చాడు. తొట్టి వెనక గొయ్యి మొదలుపెట్టాడు. మోకాటి లోతుకు దిగేసరికి మట్టి తడితడిగా తగిలింది. గోడమీంచి చూస్తున్న పక్కింటావిడ "నీళ్ళు పడ్డాయో!" అని ఒక్క కేక పెట్టింది.

ఆ కేక వీధి చివరికి చేరేసరికి ఊట అయింది, పక్క వీధికి చేరేసరికి బావి అయింది. అరగంటలో ముప్పై బిందెలు వాకిట్లో బారులు తీరాయి. "ఇంకేం, బండికోసం పడిగాపులు తప్పాయి!" అని ఎవరో అనగానే నీళ్ళాయన గోతికి అడ్డం వచ్చాడు. చేజేతులా తన పొట్ట తనే కొట్టుకున్నాడు కదా! "తవ్వు" అని ఊరు, "ఆపు" అని ఆయన. ఎవరి మాట వినాలో తెలియని మేస్త్రీ గునపం గురి తప్పి, తొట్టికి నిజంగానే చిల్లు పెట్టింది.

"ఆపండర్రా!" బామ్మగారు లేచి నిలబడింది. "ఊటా లేదు, గీటా లేదు. ఆ తడి నేను పోసిందే. నాకు రెండు బిందెలు చాలు. మిగతావి రోజూ సాయంత్రం అక్కడ పారబోస్తున్నాను."

"అదేమిటి బామ్మగారూ, ఎందుకు?"

ఆవిడ తల వంచుకుంది. "రెండు బిందెలైతే రెండు నిమిషాల్లో పోసేసి వెళ్ళిపోతావు. ఎనిమిదైతే అరగంట. మీ పిల్లకి పళ్ళొచ్చాయనీ, మీ ఆవిడ అలిగిందనీ చెబుతూ పోస్తావు. నువ్వెళ్ళాక మళ్ళీ మర్నాటిదాకా ఈ ఇంట్లో మాట వినబడదు నాయనా."

బిందెలన్నీ చప్పుడు చేయకుండా వెనక్కి మళ్ళాయి. "గోడవతలే ఉన్నాను కదా పిన్నిగారూ, పిలవకూడదూ!" అని పక్కింటావిడ కళ్ళు ఒత్తుకుంది. నీళ్ళాయన మేస్త్రీని చిల్లు పూడ్చమని చెప్పి, రెండంటే రెండే బిందెలు తెచ్చి వంటింట్లో దించాడు. ఆవిడ పక్కన మెట్టుమీద చతికిలబడి, "మా ఆవిడ మళ్ళీ అలిగింది బామ్మగారూ" అని మొదలుపెట్టాడు.

ఆ రోజునుంచి తర్వాతి ఇళ్ళకు నీళ్ళు గంట ఆలస్యంగా అందుతున్నాయి. ఎవరైనా నిలదీస్తే, దారిలో బండ్ల రద్దీ అంటాడు. ఆ ఊళ్ళో తిరిగే బండి అదొక్కటే.