మంత్రిగారు చూసిన కణం

"వంద రోజుల్లో ప్రతి విద్యార్థికీ ఒక కణం చూపిస్తాం! ఎవరికైనా అందకపోతే చెప్పండి, ఇంటికే పంపిస్తాం!"

విద్యాశాఖ మంత్రిగారు ఈ ప్రకటన మా బడి మెట్ల మీద నిలబడి చేశారు. మనిషి ఒంట్లో కణాలు కోట్లకు కోట్లు ఉంటాయని ఎవరో అంటే, అవి తమ ప్రభుత్వం వచ్చాక ఎంత పెరిగాయో కూడా అక్కడికక్కడే అడిగి తెలుసుకున్నారు. అంతటి జిజ్ఞాసగల నాయకుణ్ణి దగ్గర నుంచి చూడటం నా అదృష్టం. నేను ఆ బడిలో ల్యాబ్ అటెండర్ని.

మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ఒక్కటే. సైన్సు టీచరమ్మ ఉల్లిపాయ పొర ఒలిచి, ఎర్ర రంగు చుక్క వేసి స్లైడు సిద్ధం చేశారు. కింద ఉండే చిన్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పిపెట్టారు. అంతలో విద్యాశాఖ డైరెక్టరుగారి ఆఫీసు నుంచి ఫోను. మంత్రిగారి కళ్లలో వెలుగు పడకూడదట. పెద్దవాళ్లు ఎవరొచ్చినా మాకిది మామూలే. తెరలు దించడం, మెరిసే వస్తువులన్నీ పక్కకు తిప్పడం నా డ్యూటీ. అద్దాన్నీ తిప్పేశాను. లోపల మసక మాత్రం మిగిలింది.

మంత్రిగారు వంగి కన్ను ఆనించారు.

"ఆహా! నల్లగా, వంకరగా... వెంట్రుకలయ్యా!"

"వెంట్రుకలే సార్," అన్నారు డైరెక్టరుగారు, చూడకుండానే.

"కదుల్తున్నాయి కూడా!"

"మీరొచ్చారని సార్."

టీచరమ్మ నోరు తెరిచారు. హెడ్మాస్టరుగారు ఆవిడ చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టారు. నోరు ఎలాగూ తెరిచారు కాబట్టి ఆవిడ తాగక తప్పలేదు.

"అవి ఆయన కనురెప్పల వెంట్రుకలు అన్నయ్యా. వెలుతురు లేదుగా, అవే కనపడ్డాయి," అన్నారు ఆవిడ, అందరూ వెళ్లాక. నేను వెళ్లి అద్దాన్ని మళ్లీ కిటికీ వైపు తిప్పాను.

పది రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. కణానికి వెంట్రుకలు ఉంటాయి, ఉత్సాహం కలిగినప్పుడు కదులుతాయి. కేంద్రకం మంత్రిగారికి కనిపించలేదు కనుక దాన్ని ప్రస్తుతానికి నిలిపివేయడమైనది. పాఠ్యపుస్తకాల్లో పాత బొమ్మ మీద కొత్త బొమ్మ అంటించారు. టీచరమ్మ అభ్యంతరం రాసి పంపితే, దస్తూరీ ముత్యాల్లా ఉందని మెచ్చుకుని, ఆవిణ్ణి ఓటర్ల జాబితా రాసే పనికి వేశారు.

మా అమ్మాయిది ఆ ఏడు పదో తరగతి. పొద్దున్నే నాతోపాటు ల్యాబ్‌కొచ్చి, నేను తుడుచుకుంటుంటే స్లైడులన్నీ చూసేది. పరీక్షలో కణం బొమ్మ గీయమన్నారు, ఐదు మార్కులు. చూసింది చూసినట్టు గీసింది. ఇటుకలు పేర్చినట్టు గదులు, గదికో చుక్క. సున్నా వేశారు. సైన్సులో మూడు మార్కుల తేడాతో తప్పింది. నర్సింగు కోర్సులో చేరాలని రెండేళ్లుగా అదే ధ్యాస దానికి.

"ఓ నాలుగు వెంట్రుకలు గీసేస్తే నీ సొమ్మేం పోయేది తల్లీ?" అన్నాను.

"లేవుగా నాన్నా," అంది.

కోపం ముంచుకొచ్చింది. కాసేపటికి సిగ్గేసింది. అద్దం తిప్పింది నేనే కదా.

అప్పీలు పెట్టుకున్నాం. మంత్రిగారు తామే వచ్చి, మరోసారి చూసి తేలుస్తామన్నారు. న్యాయమంటే ఆయనకు అంత పట్టింపు. మళ్లీ ఫోను వచ్చింది, వెలుగు పడకూడదని. "అలాగే సార్," అన్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి చెప్పిన పని చెయ్యలేదు. తెర పైకెత్తి, అద్దాన్ని నిండా వెలుతురుకు తిప్పాను.

మంత్రిగారు వంగారు. ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"వెంట్రుకలేవయ్యా?"

ఆయన మళ్లీ కన్ను ఆనించారు.

"గదులున్నాయి. గోడలున్నాయి. గదికొకరు చొప్పున ఎవరో ఉన్నారు!"

మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గండం గడిచిందనుకున్నాను. డైరెక్టరుగారు కూడా వంగి చూశారు. లేచేసరికి ఆయన కళ్లలో నీళ్లు.

"సార్! మీరు మొదటిసారి చూసినప్పుడు వీటికి నిలువ నీడ లేదు సార్. ఒంటి మీద వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. ఎనిమిది నెలల్లో అందరికీ పక్కా ఇళ్లు!"

చప్పట్లు మోగాయి. "చెయ్యాల్సింది ఇంకా చాలా ఉంది," అన్నారు మంత్రిగారు వినయంగా.

నేను తెగించి అమ్మాయి జవాబు కాగితం ముందుకు చాపాను. "మా పాప గీసింది కూడా ఇదే సార్."

డైరెక్టరుగారు బొమ్మనీ మైక్రోస్కోప్‌నీ మార్చి మార్చి చూశారు. "అచ్చు గుద్దినట్టుందయ్యా! ఇంతకీ పరీక్ష ఎప్పుడు రాసింది?"

"మార్చిలో సార్."

"మార్చిలో వెంట్రుకలే కదా. అప్పటికి లేని ఇళ్లు గీస్తే మార్కులెలా వేస్తాం? ఏం ఫర్లేదమ్మా, వచ్చే మార్చిలో మళ్లీ రాసుకో."

మార్కులు రాలేదు. ఆ ఏటి సీటు పోయింది. నాకు ఏడుపొచ్చింది కానీ, అమ్మాయి మాత్రం ఏడవలేదు.

"వచ్చే మార్చికి కణం ఎలా ఉంటుంది సార్?" అని అడిగింది.

డైరెక్టరుగారు మంత్రిగారు కారెక్కేదాకా ఆగారు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఫిబ్రవరిలో ఎన్నికలున్నాయి కదమ్మా. అవి అవనీ, చెప్తాను."